పారిశ్రామిక ప్రణాళికాకర్తగా బోధిసత్త్వ బాబాసాహెబ్

1951 అక్టోబరులో డాక్టర్ భీమ్‌రావ్ రామ్‌జీ అంబేద్కర్ కేంద్ర న్యాయశాఖ మంత్రి పదవి నుండి వైదొలగుతూ, అందుకు గల కారణాలను ఒక సుదీర్ఘ ప్రకటనలో దేశం ముందుంచారు. హిందూ కోడ్ బిల్లును నడిదారిలో వదిలివేయడం, షెడ్యూల్డు కులాల పట్ల ప్రభుత్వ ఉపేక్ష, విదేశాంగ విధానంపై అసమ్మతి - ఈ మూడింటిని మన జయంతి సభలలో వక్తలు తప్పక ప్రస్తావిస్తారు. అదే ప్రకటన ప్రారంభ భాగంలో ఉన్న మరొక ఫిర్యాదును ప్రస్తావించేవారు అరుదు. తాను అర్థశాస్త్రంలో శిక్షణ పొందినవాడు గనుక న్యాయశాఖతో పాటు ప్రణాళికా శాఖను కూడా అప్పగిస్తామని ప్రధానమంత్రి మాట ఇచ్చారని, ఆ శాఖ ఏర్పడే నాటికి తనను పక్కన పెట్టారని బాబాసాహెబ్ అందులో స్పష్టంగా తెలిపారు.

ఈ ఒక్క ఫిర్యాదును పట్టుకొని ఆయన జీవితాన్ని తిరిగి చదవాలన్నది మా ప్రయత్నం. మన విహారాలలోని చిత్రపటాలలో ఆయన రాజ్యాంగ నిర్మాత, ధమ్మదీక్షాదాత. ఆ రెండు గౌరవాలకూ తిరుగులేదు. అయితే ఒకవైపు భిలాయి ప్రభుత్వరంగ ఉక్కు కర్మాగారాన్ని, మరొకవైపు సిమెంటు కర్మాగారాన్ని చూస్తూ బ్రతుకుతున్న జాముల్ వాసులకు ఆయన మూడవ ముఖం తెలియకపోవడం ఒక లోటు. ఉక్కు ప్రభుత్వానిది ఎందుకయింది, సిమెంటు ప్రైవేటు వారిది ఎందుకయింది, విద్యుత్తు ఎవరి చేతిలో ఉండాలి, కూలివాని పనిదినం ఎన్ని గంటలు - ఈ ప్రశ్నలన్నింటితోనూ ఆయన స్వాతంత్ర్యానికి ముందే తలపడ్డారు.

1891 ఏప్రిల్ 14న మహూ సైనిక స్థావరంలో జన్మించిన భీమ్‌రావ్ బాల్యం, బడిలో అనుభవించిన అవమానాలు పాఠకులకు తెలిసినవే. వాటిని ఇక్కడ తిరిగి చెప్పబోము. 1912లో ఆయన బి.ఎ. పట్టా తీసుకున్నది అర్థశాస్త్రం, రాజనీతి శాస్త్రాలలో. 1913లో బరోడా మహారాజు విద్యార్థి వేతనంపై కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లి అక్కడ ప్రధానంగా అభ్యసించినది కూడా అర్థశాస్త్రమే. ప్రాచీన భారత వాణిజ్యం, భారత జాతీయ ఆదాయం, బ్రిటిష్ ఇండియాలో రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థ, రూపాయి సమస్య - ఆయన పరిశోధనాంశాలన్నీ డబ్బు ఎక్కడ పుట్టి ఎవరి చేతికి చేరుతున్నదో వెదికినవే. రూపాయి సమస్యపై వ్రాసిన గ్రంథానికి 1923లో లండన్ విశ్వవిద్యాలయం డి.ఎస్సీ. పట్టా ప్రదానం చేసింది. ఆయన మొదట అర్థశాస్త్రవేత్త. న్యాయవాద వృత్తి ఆ తరువాత వచ్చింది.

ఈ తొలి రచనలలో మనకు అత్యంత ముఖ్యమైనది పరిమాణంలో చిన్నది. 1918లో ఒక అర్థశాస్త్ర పత్రికలో ఆయన భారతదేశంలోని చిన్న కమతాల గురించి ఒక వ్యాసం ప్రచురించారు. ఆనాటి నిపుణులు పొలాలు ముక్కలు కావడమే దారిద్ర్యానికి మూలమని, వాటిని కలిపివేస్తే సరిపోతుందని వాదించేవారు. ఆయన ప్రశ్నను తలక్రిందులు చేశారు. కమతం పెద్దదా చిన్నదా అన్నది గజాలతో కొలిచేది కాదని, దాని మీద పెట్టగల పెట్టుబడి, పనిముట్లు, శ్రమల నిష్పత్తిని బట్టి తేలేదని చూపారు. అవసరానికి మించిన జనం భూమిపై ఆధారపడి, పనిలేక, పనిచేస్తున్నట్లు మాత్రం కనిపిస్తున్నారని, ఆ అదనపు శ్రమను పరిశ్రమలలోకి మళ్లించడమే వ్యవసాయానికి సైతం అసలైన మందు అని నిర్ధారించారు. మరుగుపడిన నిరుద్యోగం అనే భావన తరువాతి దశాబ్దాలలో అభివృద్ధి అర్థశాస్త్రానికి కేంద్రమయింది. ఇరవై ఏడేళ్ల యువకుడు దానిని అప్పటికే పట్టుకున్నాడు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల పల్లెల నుండి పొలం పని చాలక రైలెక్కి భిలాయి చేరిన తెలుగు కుటుంబాల కథకు ఆ వ్యాసం ముందుమాటలా ఉంటుంది.

పరిశ్రమ రాగానే కులం దానంతట అది కరిగిపోతుందని ఆయన భ్రమపడలేదు. అందుకు బొంబాయి బట్టల మిల్లులే పాఠం చెప్పాయి. మిల్లులలో మంచి కూలి దొరికే నేత విభాగంలోకి అస్పృశ్యులను రానిచ్చేవారు కాదు. నాడెలో కండె మార్చినప్పుడు దారపు కొసను నోటితో పీల్చి లాగవలసి వచ్చేది. అస్పృశ్యుని ఎంగిలి తగిలిన నాడెను తాము ముట్టబోమని సవర్ణ కార్మికులు పట్టుబట్టారు. నిషేధాన్ని నిలబెట్టింది యజమాని ఒక్కడే కాదు, పక్క మగ్గం దగ్గరి తోటి కూలీ కూడా. 1928 నాటి మిల్లు సమ్మెలో బాబాసాహెబ్ ఈ ప్రశ్నను నాయకుల ముందు పెట్టారు. కార్మికవర్గ ఐక్యత గురించి మాట్లాడేవారు ముందు తమ వరుసలోని అంటరానితనాన్ని తొలగించుకోవాలన్నది ఆయన షరతు.

1936లో ఆయన స్థాపించిన ఇండిపెండెంట్ లేబర్ పార్టీ ఈ అవగాహన నుండే పుట్టింది. 1937లో కొంకణ్ ప్రాంతపు ఖోతీ భూస్వామ్య పద్ధతి రద్దుకు బిల్లు ప్రవేశపెట్టారు. 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో రైల్వే దళిత కార్మికుల సదస్సులో మాట్లాడుతూ, కార్మికునికి శత్రువులు ఇద్దరని, ఒకటి బ్రాహ్మణవాదం, రెండవది పెట్టుబడిదారీ విధానమని వివరించారు. అదే ఏడాది సమ్మె హక్కును బిగించే పారిశ్రామిక వివాదాల బిల్లుకు వ్యతిరేకంగా నవంబరు 7న కమ్యూనిస్టులతో కలిసి బొంబాయిలో ఒకరోజు సమ్మె జరిపించారు.

ఇక 1942 జూలై. బాబాసాహెబ్ వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యునిగా నియమితులయ్యారు. అస్పృశ్య సమాజం నుండి ఆ మండలిలో కూర్చున్న తొలి వ్యక్తి ఆయనే. క్విట్ ఇండియా ఉద్యమ కాలంలో బ్రిటిష్ ప్రభుత్వంలో చేరారన్న నింద నేటికీ వినిపిస్తుంది. ఆ నిందను మోసేవారు ఆ నాలుగేళ్ల దస్త్రాలను చూస్తే మంచిది. ఆయన రచనలు, ప్రసంగాల సంపుటాలలో పదవది పూర్తిగా ఈ కాలానిదే. మా అంచనాలో, బాబాసాహెబ్ పరిపాలనా దక్షత అంతగా వెల్లడైన కాలం మరొకటి లేదు. మన సంఘాలలో అంత తక్కువగా చదివే సంపుటమూ మరొకటి లేదు.

నాటి కార్మిక శాఖ అంటే కార్మికులు మాత్రమే కాదు. గనులు, ప్రభుత్వ కట్టడాలు, నీటిపారుదల, విద్యుత్తు కూడా ఆ శాఖ క్రిందనే ఉండేవి. యుద్ధానంతర పునర్నిర్మాణానికి ప్రభుత్వం సంఘాలు వేసినప్పుడు నీరు, విద్యుత్తు ఆయన బాధ్యతలోకి వచ్చాయి. 1943 అక్టోబరు 25న విద్యుత్తుపై జరిగిన విధాన సంఘం తొలి సమావేశంలో ఆయన ముందుగా తేల్చవలసిన ప్రశ్న వేశారు: విద్యుత్తు ప్రభుత్వానిదా, ప్రైవేటు కంపెనీలదా? లాభం వచ్చే పట్టణాలకు మాత్రమే తీగలు లాగే పద్ధతిలో దేశం పారిశ్రామికం కాజాలదని, విద్యుత్తు చౌకగా, సమృద్ధిగా అందాలని, పారిశ్రామికీకరణ తప్ప ఈ దేశ ప్రజలను దారిద్ర్య చక్రం నుండి తప్పించే మార్గం లేదని వాదించారు. 1944లో కేంద్ర సాంకేతిక విద్యుత్ మండలి ఏర్పడింది. 1945లో కేంద్ర జలమార్గాల, నీటిపారుదల, నౌకాయాన సంఘం ఏర్పడి, ఎ.ఎన్. ఖోస్లా దానికి అధ్యక్షులయ్యారు. నేటి కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థకు, కేంద్ర జల సంఘానికి ఈ రెండూ పూర్వరూపాలు.

దామోదర్ నది కథను కొంత వివరంగా చెప్పాలి. 1943 జూలైలో బెంగాల్‌లో ఆ నది గట్టు తెగి రైలుమార్గాన్ని, గ్రాండ్ ట్రంక్ రోడ్డును ముంచివేసింది; కలకత్తాకు రాకపోకలు వారాల తరబడి స్తంభించాయి. యుద్ధం, కరువు కలిసి వచ్చిన ఏడాది అది. బర్ద్వాన్ మహారాజు అధ్యక్షతన, శాస్త్రవేత్త మేఘనాథ్ సాహా సభ్యునిగా వేసిన విచారణ సంఘం అమెరికాలోని టెనెస్సీ లోయ పథకాన్ని ఆదర్శంగా చూపింది. టెనెస్సీలో పనిచేసిన ఇంజనీరు వూర్డుయిన్ 1944లో ప్రాథమిక ప్రణాళిక సిద్ధం చేశారు. బెంగాల్, బీహార్ ప్రభుత్వాలు ఒకరి నీటిని మరొకరు అనుమానంగా చూసుకుంటున్న స్థితిలో, 1945 జనవరిలోనూ ఆగస్టులోనూ కలకత్తాలో జరిగిన సమావేశాలలో బాబాసాహెబ్ వారిని ఒక చోట కూర్చోబెట్టారు. వరద నివారణ మాత్రమే చాలదని, అదే ఆనకట్ట సాగునీరు, విద్యుత్తు, జలరవాణా కూడా ఇవ్వాలని, ఆ ఫలం సామాన్యునికి చేరాలని పట్టుబట్టారు. 1948లో దామోదర్ లోయ సంస్థ చట్టం వచ్చింది. ప్రతిపాదించిన ఎనిమిది ఆనకట్టలలో తిలైయా, కోనార్, మైథాన్, పంచేత్ మాత్రమే ఆ పథకం క్రింద పూర్తయ్యాయి. ఆ జలాశయాల క్రింద ఊళ్లు కోల్పోయిన ఆదివాసుల నష్టాన్ని కూడా అదే లెక్కలో వ్రాయాలి. నాటి ప్రణాళికాకర్తలెవరూ ఆ నష్టాన్ని తగినంతగా తూచలేదు.

1945 నవంబరు 8న కటక్‌లో మహానదిపై జరిగిన సమావేశానికి అధ్యక్షత వహించినదీ ఆయనే. వరదనీరు శత్రువని, దానిని గట్లతో సముద్రంలోకి తరిమివేయాలని భావించిన ఇంజనీర్లకు ఆయన ఎదురు చెప్పారు. నీరు ఎక్కువై ఎవరూ చెడలేదని, నిల్వ చేయలేక చెడ్డారని ఆయన తర్కం. హీరాకుడ్ పథకానికి దారి ఆ సమావేశంతో సుగమమయింది. మన దుర్గ్ పక్కన పారే శివనాథ్ నది మహానదికి ఉపనది. ఈ నేలపై కురిసిన వాన హీరాకుడ్ జలాశయానికే చేరుతుంది.

గనుల విషయంలో ఆయన రికార్డు అంత నిర్మలం కాదు. 1943లో యుద్ధం వల్ల బొగ్గు కొరత ఏర్పడినప్పుడు, స్త్రీలు భూగర్భ గనులలో పనిచేయరాదన్న నిషేధాన్ని ప్రభుత్వం ఎత్తివేసింది. కార్మిక సభ్యునిగా ఆయన శాసనసభలో ఆ నిర్ణయాన్ని సమర్థించవలసి వచ్చింది. తాత్కాలికమని, స్త్రీలకూ పురుషులతో సమానంగా కూలి ఉంటుందని చెప్పినా ఆ విమర్శ న్యాయమైనదే. ఆ డిసెంబరులో ఆయన స్వయంగా ధన్‌బాద్ వెళ్లి గనిలోకి దిగి కార్మికుల ఇళ్లను, పనిని చూశారు. 1944 జనవరిలో బొగ్గుగని కార్మికుల సంక్షేమ నిధి ఏర్పడింది. 1946 ఫిబ్రవరి నుండి నిషేధం తిరిగి అమలయింది. ఆనాడు తట్టలు మోసిన ఆ స్త్రీల బొగ్గు ప్రాంతమే తరువాత భిలాయి కోక్ ఓవెన్లకు బొగ్గు పంపింది.

నేటి కార్మికుడు తన హక్కుగా భావించే అనేకం ఆ నాలుగేళ్లలో మొలకెత్తాయి. ప్రభుత్వం, యజమాని, కార్మికుడు ముగ్గురూ కూర్చునే త్రైపాక్షిక సమావేశం 1942 ఆగస్టు 7న ఢిల్లీలో ఆయన అధ్యక్షతన మొదలయింది. 1946 ఫ్యాక్టరీల సవరణ చట్టం వారానికి 54 గంటల పనిని 48 గంటలకు దించింది. కనీస వేతనాల బిల్లును 1946 ఏప్రిల్‌లో సభలో ప్రవేశపెట్టినది ఆయనే. అది చట్టమయింది 1948లో. అదార్కర్ నివేదికపై నడిచిన ఆరోగ్య బీమా ఆలోచనే 1948లో ఈఎస్‌ఐ చట్టమయింది. సాంకేతిక శిక్షణ పథకాలు, ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజీలు కూడా ఆ శాఖవే.

1946 జూన్‌లో ఆ పదవి ముగిసింది. 1947 మార్చిలో షెడ్యూల్డు కులాల ఫెడరేషన్ పక్షాన ఆయన రాజ్యాంగ సభ కోసం సిద్ధం చేసిన వినతిపత్రం, రాష్ట్రాలు - మైనారిటీలు అన్న పేరుతో ప్రచురితమయింది. కీలక పరిశ్రమలను ప్రభుత్వమే నెలకొల్పి నడపాలి. మూల పరిశ్రమలు ప్రభుత్వానివే కావాలి. బీమా ప్రభుత్వ గుత్తాధిపత్యంలో ఉండాలి. భూమి ప్రభుత్వానిదై, కులమత భేదం లేకుండా గ్రామస్థులకు ఉమ్మడి సేద్యానికి కౌలుగా అందాలి. భూమి కోల్పోయినవారికి బాండ్ల రూపంలో పరిహారం ఇవ్వాలి. ఇదంతా రాజ్యాంగంలోనే వ్రాయాలి. ఈ చివరి మాటే అన్నింటికన్నా ముఖ్యం. ప్రణాళికను మంత్రివర్గానికి వదిలివేస్తే తదుపరి మంత్రివర్గం దానిని రద్దు చేయగలదు. నియంతకు అప్పగిస్తే స్వేచ్ఛ పోతుంది. ప్రజాస్వామ్యాన్ని వదలకుండా సామ్యవాదాన్ని స్థిరపరచాలంటే రాజ్యాంగమే దారి అని ఆయన తలచారు.

రాజ్యాంగ సభ ఆ మార్గాన్ని అంగీకరించలేదు. ఇక్కడొక చిక్కుముడి ఉంది; మన విమర్శకులు దానిని తరచు ఎత్తి చూపుతారు. 1948 నవంబరు 15న కె.టి. షా రాజ్యాంగంలో సోషలిస్టు అన్న పదాన్ని చేర్చాలని సవరణ తెచ్చినప్పుడు, దానిని వ్యతిరేకించినది ముసాయిదా సంఘ అధ్యక్షుడైన బాబాసాహెబే. ఆర్థిక వ్యవస్థ ఎలా ఉండాలో రాబోయే తరాలు నిర్ణయించుకోవాలని, రాజ్యాంగం వారి చేతులు కట్టివేయరాదని ఆయన అన్నారు. ఇరవై నెలల క్రితం తానే కోరినదానిని తానే కాదన్నారు కదా! ఆయన అభిప్రాయం మారిందని కొందరు పండితులు భావిస్తారు. మేము అలా భావించము. 1947లో ఆయన తన ఫెడరేషన్ పక్షాన మాట్లాడారు; 1948లో సభ మొత్తం తరఫున ముసాయిదాను మోస్తున్నారు. స్థిరమైన నిబంధనలు దొరకని చోట ఒక్క విశేషణం చేర్చి తృప్తి పడడం కన్నా, ఆదేశిక సూత్రాలలో తలుపు తెరచి ఉంచడం మేలని ఎంచుకున్నారు. సంపద, ఉత్పత్తి సాధనాలు కొందరి చేతిలో పోగుపడరాదన్న 39వ అధికరణం ఆ తెరచిన తలుపే. అయితే ఆదేశిక సూత్రాలను న్యాయస్థానం అమలు చేయించలేదు. ఆ నష్టం ఆయనకు తెలుసు. 1949 నవంబరు 25న చేసిన ప్రసంగంలో, రాజకీయాలలో సమానత్వం, ఆర్థిక సామాజిక జీవితంలో అసమానత్వం కలిగిన వైరుధ్య జీవితంలోకి దేశం అడుగిడుతున్నదని హెచ్చరించారు.

స్వతంత్ర ప్రభుత్వ తొలి పారిశ్రామిక విధాన తీర్మానం 1948 ఏప్రిల్ 6న వెలువడింది. బొగ్గు, ఇనుము-ఉక్కు, విమానాలు, నౌకానిర్మాణం, టెలిఫోన్ పరికరాలు, ఖనిజ తైలాలు - ఈ ఆరింటిలో కొత్త కర్మాగారాలు ప్రభుత్వమే పెట్టాలని, ఉన్న ప్రైవేటు సంస్థలను పదేళ్లు కదిలించరాదని అది నిర్ణయించింది. బాబాసాహెబ్ కోరిన దానిలో ఇది ఒక భాగం మాత్రమే. భూమి ఊసు లేదు. ఆయన మంత్రివర్గంలో ఉన్నారు గాని ఆ విధాన రచన ఆయన చేతిలో లేదు. 1950 మార్చిలో ప్రణాళికా సంఘం ఏర్పడింది. నీటి, విద్యుత్ సంఘాలకు పునాది వేసిన వ్యక్తికి అందులో చోటు దొరకలేదు. ఏడాదిన్నర తరువాత ఆయన రాజీనామా చేశారు.

1955 తొలినాళ్లలో భిలాయి కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1956 ఏప్రిల్ 30 నాటి రెండవ పారిశ్రామిక విధాన తీర్మానం పదిహేడు పరిశ్రమలను ప్రభుత్వానికి ప్రత్యేకించింది. ఉక్కు అందులో ఉంది, సిమెంటు లేదు. భిలాయిలో పునాదులు తవ్వుతున్న ఆ ఏడాదే, అక్టోబరు 14న, ఇదే రైలుమార్గంలో పడమరగా ఉన్న నాగపూర్‌లో బాబాసాహెబ్ లక్షలాది అనుయాయులతో ధమ్మదీక్ష స్వీకరించారు. ఈ రెండింటినీ వేర్వేరు కథలుగా చెప్పడం మనకు అలవాటు. నవంబరులో ఖాట్మండులో జరిగిన ప్రపంచ బౌద్ధ సమావేశంలో ఆయన ఎంచుకున్న అంశం మాత్రం బుద్ధుడు, మార్క్స్. దారిద్ర్యాన్ని, దోపిడీని తొలగించే లక్ష్యం ఇద్దరిదీ అని, మార్గంలోనే భేదమని, బలప్రయోగంతో వచ్చిన మార్పు బలం పోగానే పోతుందని, మనిషి మనసు మారి వచ్చినది నిలుస్తుందని అక్కడ వివరించారు. ధమ్మం పేదరికాన్ని పుణ్యంగా చూడలేదు. దీఘనికాయంలోని కూటదంత సుత్తంలో దొంగల బెడద ఉన్న రాజుకు పురోహితుడు ఇచ్చే సలహా ఉపాసకులకు గుర్తుండే ఉంటుంది: దండించడం కాదు, సేద్యగాడికి విత్తనాలు, వర్తకునికి పెట్టుబడి, కొలువు చేసేవానికి తగిన జీతం ఇవ్వాలి. 1943 నాటి విద్యుత్ సమావేశంలో కార్మిక సభ్యుడు చెప్పినది ఇంతకన్నా దూరం కాదని మా అభిప్రాయం.

1956 డిసెంబరు 6న ఆయన పరినిర్వాణం చెందారు. భిలాయి తొలి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. 1965లో జాముల్‌లో ఏసీసీ సిమెంటు కర్మాగారం పని ప్రారంభించి, ఆ ఫర్నేసుల స్లాగ్‌ను సిమెంటుగా మార్చసాగింది. ప్రభుత్వరంగ కర్మాగారంలో రిజర్వేషన్ వచ్చింది. మన కుటుంబాలలో ఒక తరం క్వార్టరు, ఆసుపత్రి, పిల్లల చదువు దాని ద్వారానే చూసింది. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ లేదు. కాంట్రాక్టరు క్రింద పనిచేసేవానికి, అతడు ఏ గేటులోపల చెమటోడ్చినా, ఆ క్వార్టరు లేదు. 1990లో భిలాయి ప్రాంతపు కాంట్రాక్టు కార్మికులు బ్రతకగల వేతనం, స్థిరమైన కొలువు కోరి కదిలారు. 1991 సెప్టెంబరు 28న వారి నాయకుడు శంకర్ గుహా నియోగి హత్యకు గురయ్యారు. 1992 జూలై 1న పవర్‌హౌస్ రైలు స్టేషను వద్ద పట్టాలపై కూర్చున్న కార్మికులపై పోలీసులు కాల్పులు జరిపారు.

బాబాసాహెబ్‌కు చోటివ్వని ప్రణాళికా సంఘం 2015 జనవరి నుండి లేదు. దాని స్థానంలో నీతి ఆయోగ్ వచ్చింది. ఆయన ప్రవేశపెట్టిన బిల్లు నుండి వచ్చిన కనీస వేతనాల చట్టాన్ని 2019 నాటి వేతన స్మృతిలో, ఫ్యాక్టరీల చట్టాన్ని, ఈఎస్‌ఐ చట్టాన్ని 2020 నాటి స్మృతులలో పార్లమెంటు కలిపివేసింది. వాటిలో 1946 నాటి 48 గంటలలో ఎంత నిలిచిందో, ఎంత సడలిందో, ఆయన పదవ సంపుటాన్ని పక్కన పెట్టుకొని చదివి చూడవలసిన పని మన సంఘాల ముందున్నది.